పరాకు

పోయిన నెలలో మన తెలుగు డిపార్ట్‌మెంటు ముందర వరండాలో జరిగినది మీలో చాలామంది చూసినారు. రెండో పీరియడు బెల్లు కొట్టినాక అందరం క్లాసులు మారుతుంటే మన జూనియర్ ఒకామె పడిపోయింది. చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయి. ఎవరో పరిగెత్తిపోయి తాళంచెవుల గుత్తి తెచ్చి ఆమె పిడికిట్లో పెట్టినారు. ఇంకెవరో టిఫిన్ బాక్సులోని స్పూను తీసి పళ్ళ మధ్య దూర్చడానికి చూసినారు. చెప్పు వాసన చూపించండి అని ఒకరు అరిచినారు. రెండు నిమిషాల్లో ఆమె ఒళ్ళు నిమ్మళించింది. ఆమె ఇంకా కళ్ళు తెరవకముందే నా వెనకాల ఎవరో అన్న మాట వినపడింది: "పాపం, ఇట్లాంటోళ్ళకు చదువు ఎక్కదులే. పెళ్ళి ఎట్ల చేస్తారో ఏమో."

ఆ మాట అన్నవాళ్ళ మీద నాకు కోపం లేదు. నా మీద నాకే కోపం. అక్కడ ఏం చేయాలో, ఏం చేయకూడదో నాకు తెలుసు. అయినా పుస్తకాలు గుండెకు అదుముకొని, గోడకు ఆనుకొని నిలబడిపోయినాను. నోరు తెరిస్తే "నీకెట్ల తెలుసు?" అని అడుగుతారని భయం.

ఆ అమ్మాయి మూడు వారాలు కాలేజీకి రాలేదు. ఒక ఆదివారం వాళ్ళింటికి పోయినాను. గోడపత్రికలో ఈ విషయం రాయాలనుకుంటున్నా, రాయనా అని అడిగినాను. కాసేపు ఆలోచించి, "నా గురించి వద్దక్కా. నీ గురించి రాసుకో" అనింది. న్యాయమైన మాట. అందుకే ఇది నా గురించి.

నాకు మూర్ఛ ఉండేది. ఆరేళ్ళప్పుడు మొదలయింది. మీరు వరండాలో చూసిన రకం కాదు. నేను ఎప్పుడూ కింద పడలేదు, నోట నురగ రాలేదు, చేతులు కొట్టుకోలేదు. అందుకే అది మూర్ఛ అని రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. అందరూ దానికి పెట్టిన పేరు పరాకు.

మా ఇల్లు కౌల్‌బజారులో. అమ్మది తెలుగు, అప్పది కన్నడ. అప్పది సిరుగుప్ప పక్కన పల్లె. జీన్స్ కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరు. అమ్మ బళ్ళారిలోనే పుట్టి కన్నడ బడిలో చదువుకునింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. అమ్మ వాళ్ళమ్మ, మా అవ్వ, ఆలూరు దగ్గరి పల్లె నుంచి కోడలిగా ఈ ఊరికి వచ్చింది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం 1953 దాకా బళ్ళారి జిల్లాలోవే కాబట్టి, రాష్ట్రాలు వేరయినా అవ్వకు పరాయి చోటికి వచ్చినట్టు ఎప్పుడూ అనిపించలేదంట. కన్నడ ఎవరు మాట్లాడినా అర్థమయ్యేది, తన నోటికి మాత్రం వచ్చేది కాదు. తాత పోయినాక మా ఇంట్లోనే ఉండేది. రాత్రి నన్ను పక్కన పండుకోబెట్టుకొని కతలు చెప్పేది.

ఆ కతలు నాకు ఎప్పుడూ పూర్తిగా తెలియలేదు. రాజకుమారుడు బావి దగ్గరికి పోతాడు, వెంటనే గుర్రం మీద ఉంటాడు. బావిలో ఏం జరిగింది? "ఇప్పుడే చెప్తి కదమ్మా" అనేది అవ్వ. నేను వినలేదు. అయితే వినలేదని కూడా నాకు తెలియదు. నా లెక్కన కతలే అట్ల ఉంటాయి, బావిలోనుంచి నేరుగా గుర్రం మీదికి.

బడిలోనూ అంతే. మా మిస్సు వారానికి రెండుసార్లు ఉక్తలేఖన పెట్టేది, అంటే డిక్టేషన్. పది మాటలు చెప్తే నా పుస్తకంలో ఏడో ఎనిమిదో ఉండేవి. రాసినవాటిలో తప్పులు తక్కువ. మిగతావి తప్పుగా రాసినవి కావు, అసలు లేవు. కొన్నిచోట్ల అక్షరం సగంలో ఆగి, పెన్సిలు గీత కిందికి జారిపోయి ఉండేది. కూడికల్లో చేతిలో మిగిలినది పైన వేయడం మరిచిపోయేదాన్ని. పుస్తకం కింద ఎర్ర సిరాతో ఎప్పుడూ ఒకటే మాట: "గమన ఇల్ల".

కన్నడలో గమన అంటే ధ్యాస. తెలుగులో గమనం అంటే నడక, పోవడం. ఈ తేడా నాకు ఇంటర్‌కు సమానమైన పీయూసీలో తెలిసింది. అప్పుడు నవ్వు వచ్చింది. ఆ రెండూ నిజమే కదా. ధ్యాస లేదు, ఎందుకంటే మనిషే యాడికో పోయింది.

రెండో తరగతి మధ్యలో అమ్మను బడికి పిలిపించినారు. మిస్సు చెడ్డామె కాదు, నన్ను కొట్టినదీ లేదు. ఆమెకు తోచిన కారణం ఆమె చెప్పింది. ఇంట్లో రెండు భాషలు, పాపకు తల గజిబిజి అయితుంది, "మనెయల్లి కన్నడనే మాతాడి" అని. అమ్మకు అది ఆజ్ఞ లాంటిది. ఆ సాయంత్రమే ఇంట్లో తెలుగు ఆగిపోయింది. అమ్మ నాతో కన్నడలో మొదలుపెట్టింది. అవ్వకు చెప్పింది: "అమ్మా, దాని చదువు కోసం. కొన్నాళ్ళు దాంతో మాట్లాడొద్దు."

అవ్వకు వేరే భాష లేదు కాబట్టి అవ్వ నాతో మాట్లాడడమే మానేసింది. పది నెలలు. రాత్రి పక్కన పండుకొని ఈపు నిమిరేది, అంతే. కత అడిగితే అమ్మ వైపు చూసేది. నేను మొద్దుదాన్ని కాబట్టి అవ్వకు నా మీద అలక అనుకున్నాను. ఏడేళ్ళ పిల్లకు ఇంకేం తోస్తుంది?

ఈ కథలో నన్ను ఇప్పటికీ పీకేది ఇదే. మా ఇంట్లో, బడిలో, వీధిలో అందరికంటే ముందు నా జబ్బును చూసింది అవ్వ. కత చెప్పేవాళ్ళు వినేవాళ్ళ ముఖం చూస్తారు కదా. మిస్సుకు నలభై ముఖాలు, అమ్మకు వంటిల్లూ బట్టల మూటలూ. నా ముఖమే చూస్తూ కూర్చున్నది అవ్వ ఒక్కతే. ఆమె నోరే మేము మూసినాము.

నేను మూడో తరగతిలో రెండు పరీక్షలు తప్పినాక ఒక రాత్రి అవ్వ ఆ కట్టు తెంచింది. అమ్మతో గట్టిగానే అనింది: "నా మాట విను. ఈ బిడ్డ మొద్దు కాదు. నేను సూసినా. కత సెప్తాంటే కండ్లు నిలబడిపోతాయి, రెప్పలు టపటప కొట్టుకుంటాయి, నోరు సప్పరిస్తాది. పది లెక్కబెట్టేలోపల మళ్ళా వస్తాది. యాడికి పోయిందో దానికే తెలీదు. పిలిస్తే ఇనపడదు, గిల్లినా తెలీదు. ఇది పరాకు కాదు. డాక్టరుకు సూపీ."

పిల్లల డాక్టరు దగ్గర జరిగింది నాకు బాగా గుర్తుంది, మధ్యలో ఒక ముక్క తప్ప. ఆయన ఒక కాగితం ముక్క నా మూతి ముందర పట్టి, ఊదుతూ ఉండు, ఆపొద్దు అన్నారు. కాగితం రెపరెపలాడుతుంటే నాకు ఆటగా ఉండింది. ఆ వెంటనే చూస్తే కాగితం కదలడం లేదు. డాక్టరు చేతిలో గడియారం ఉంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తోంది. నేను ఊదుతూనే ఉన్నాననుకున్నాను. మధ్యలో పన్నెండు సెకన్లు నేను లేనంట.

ఈ రకం మూర్ఛను ఇంగ్లీషులో ఆబ్సెన్స్ అంటారు. పిల్లల్లో సాధారణంగా నాలుగు నుంచి పదేళ్ళ మధ్య మొదలవుతుంది. ఒక్కోటి పది సెకన్ల అటు ఇటు. రోజుకు పదులసార్లు రావచ్చు. గబగబా లోతుగా ఊపిరి వదిలితే చాలామందికి వచ్చేస్తుంది, అందుకే ఆ కాగితం ముక్క. పేరు కూడా భలే పేరు. హాజరు పట్టీలో నేను రోజూ ప్రెజెంటే.

తరువాత ఈఈజీ తీసినారు. నూనె లేకుండా తలంటు పోసుకొని రమ్మన్నారు, ముందురోజు రాత్రి తక్కువ నిద్రపోనిచ్చినారు. తల నిండా జిగురు పెట్టి వైర్లు అంటించినారు. షాకు కొడతారేమోనని నేను ఏడ్చినాను. కానీ అది తలలోకి ఏమీ పంపదు, తలలో ఉన్న కరెంటును రాసుకుంటుంది, అంతే. మనిషి మెదడు కరెంటును మొదట 1924లో గీతలుగా పట్టుకున్నది హాన్స్ బెర్గర్ అనే జర్మన్ డాక్టరు. 1935లో అమెరికాలో గిబ్స్, డేవిస్, లెన్నాక్స్ అనే ముగ్గురు ఈ ఆబ్సెన్స్ పిల్లల గీతలు తీసి చూస్తే, మూర్ఛ వచ్చిన క్షణంలో సెకనుకు మూడుసార్లు ఒకే తీరుగా ఒక మొన, ఒక అల కనపడినాయి. నా కాగితంలోనూ అవే వచ్చినాయి. కొండల వరుస మాదిరి, మొన, అల, మొన, అల. అప్ప దాన్ని చూసి, కుట్టుమిషను గొలుసు కుట్టు మాదిరి ఉందే అన్నాడు.

తలలో ఏం జరుగుతుందో నాకు అర్థమయిన విధంగా చెప్తాను. లెక్చరర్ రాని పీరియడులో మన క్లాసు ఎట్ల ఉంటుంది? ఒకరు మాట్లాడుతుంటారు, ఒకరు రాస్తుంటారు, ఒకరు కిటికీలోనుంచి చూస్తుంటారు. గోలగా ఉంటుంది కానీ ఎవరి పని వాళ్ళకు జరుగుతూ ఉంటుంది. మామూలు మెదడు అట్లాంటిది. ఉన్నట్టుండి అరవై మందీ ఒకే తాళంలో బెంచీలు చరచడం మొదలుపెడితే? చప్పుడు ఉంటుంది, మాట ఉండదు. ఎవరి పనీ జరగదు. మెదడు నడిమధ్యలో థలమస్ అని ఒక భాగం ఉంది, పైపొరకు పోయే కబుర్లు ఎక్కువగా దాని గుండానే పోతాయి. ఈ మూర్ఛలో ఆ థలమసూ పైపొరా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ ఆ తాళంలో ఇరుక్కుంటాయి. పది సెకన్ల తరువాత తాళం తెగుతుంది. పిల్ల ఆపినచోట మొదలుపెడుతుంది. ఆ సందులో చెప్పిన మాట మాత్రం లోపలికి పోలేదు.

రోజుకు యాభైసార్లు, పదేసి సెకన్లు అనుకోండి. మొత్తం ఎనిమిది నిమిషాలకు కాస్త ఎక్కువ. అంతేనా అనిపిస్తుంది. ఎనిమిది నిమిషాలు ఒకేసారి పోతే ఏమీ కాదు, బాత్‌రూముకు పోయి వచ్చినట్టు. కానీ ఒక పుస్తకంలో ప్రతి పేజీలోనూ రెండు మూడు మాటలు కత్తిరించి ఇస్తే ఎట్ల చదువుతారు? అదీ అక్షరాలూ ఎక్కాలూ నేర్చుకునే వయసులో. ఆ వయసులో చదువు అంటే కొత్త సంగతులు తెలియడం మాత్రమే కాదు. కంటికి కనపడిన గుర్తుకూ చెవికి వినపడిన శబ్దానికీ మెదడులో దారి పడడం. ఎక్కువ నడిచిన దారులు గట్టిపడతాయి, నడవనివి చెదిరిపోతాయి. ఆ దారులు వేసే పని మధ్యలో మాటిమాటికీ ఆగిపోతుంటే దారి వంకరగానే పడుతుంది.

అన్నీ విని అమ్మ డాక్టరును అడిగిన మొదటి ప్రశ్న మందు గురించి కాదు. "ఇది మేము రెండు భాషలు మాట్లాడినందుకు వచ్చిందా సార్?" ఆయన తల అడ్డంగా ఊపినారు. రెండు భాషల వల్ల మూర్ఛ రాదు, చదువూ వెనకబడదు, పిల్లలు రెండూ మోస్తారు, మీరు మానిపించిన భాష మళ్ళీ మాట్లాడండి అన్నారు. ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. అమ్మ కాళ్ళు కడుక్కోకుండానే అవ్వ దగ్గరికి పోయి, "అమ్మా, దానికి కత చెప్పు" అనింది. అవ్వ ఆ రాత్రి బావి కత మొదటి నుంచి చెప్పింది. ప్రతి రెండు మాటలకూ ఆగి "ఉండావా?" అని అడిగేది. "ఉండాను" అని నేను.

మాత్రలు మొదలయిన కొన్ని వారాలకే మూర్ఛలు ఆగిపోయినాయి. ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. మాత్ర వేసుకుంది, మార్కులు వచ్చినాయి అని. అట్ల జరగలేదు. నాలుగో తరగతిలోనూ నేను వెనకబెంచీ దానినే. అప్ప డాక్టరుతో, మూర్ఛ పోయింది కదా సార్, ఇంక పాప ఎందుకు చదవలేదు అని అడిగినాడు. ఇదే ప్రశ్న పెద్దయినాక నన్నూ పట్టుకునింది. మన లైబ్రరీలో, ఫోనులో వెతికి వెతికి చదివినాను. నాకు తెలిసినది ఇది.

మూర్ఛకూ చదువుకూ మధ్య ఉన్నది ఒక్క తాడు కాదు, చాలా తాళ్ళు. మొదటిది నేను చెప్పిందే, మూర్ఛ వచ్చినప్పుడల్లా పాఠం తెగిపోవడం. రెండోది, రెండింటికీ ఒకే వేరు ఉండడం. పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం, తలకు దెబ్బ, మెదడుకు సోకిన జబ్బు, పుట్టుకతో మెదడు కట్టుబాటులోనే తేడా, వీటిలో ఏదైనా మూర్ఛకూ కారణం కావచ్చు, నేర్చుకోవడంలో ఇబ్బందికీ కారణం కావచ్చు. అప్పుడు ఒకటి ఇంకోదాన్ని తెచ్చిందని చెప్పలేము, రెండూ తోబుట్టువులు. మూడోది మందులు. కొన్ని మాత్రలు మత్తు తెస్తాయి, ధ్యాసను మందం చేస్తాయి. నాలుగోది మనుషులు. బడి మాన్పించడం, వెనక కూర్చోబెట్టడం, మొద్దు అనడం, దాచిపెట్టడం. ఈ నాలుగో తాడు మెదడులో లేదు, మన చేతుల్లో ఉంది.

ఆబ్సెన్స్ విషయంలో ఇంకో సంగతి తెలిసింది. అమెరికాలో ఈ మూర్ఛ కొత్తగా బయటపడిన 450 మందికి పైగా పిల్లల మీద ఏ మందు బాగా పనిచేస్తుందో చూసి 2010లో ఫలితాలు ప్రకటించినారు. ఆ పిల్లలకే ధ్యాస పరీక్షలూ పెట్టినారు. మూడోవంతు మందికి పైగా, మందు ఇంకా మొదలుపెట్టకముందే, ధ్యాస నిలపడంలో ఇబ్బంది ఉంది. తెలివి పరీక్షల్లో మామూలుగానే ఉన్నవాళ్ళు వీళ్ళు. మందు మొదలయిన నాలుగైదు నెలలకు, మూర్ఛలు ఆగినవాళ్ళలో కూడా ఆ ఇబ్బంది పోలేదు. అది చదివిన రోజు నేను లైబ్రరీలో చాలాసేపు కూర్చుండిపోయినాను. పదేళ్ళుగా నేను సోమరిదాన్ని అనుకుంటూ ఉన్నాను. మాత్ర వేసుకున్నాక కూడా బాగుపడలేదంటే తప్పు నాదే అనుకున్నాను. మూర్ఛ మాట వేరే, ధ్యాస మాట వేరే, రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయంతే అని ఎవరైనా ఆనాడే చెప్పి ఉంటే బాగుండేది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే వరండాలో విన్న మాటనే నేను నిజం చేసినట్టవుతుంది. మూర్ఛ ఉన్న పిల్లలందరికీ చదువు ఇబ్బంది ఉండదు. చాలామంది అందరి మాదిరే చదువుతారు, కొందరు అందరికంటే బాగా చదువుతారు. పిల్ల ముఖం చూడకుండా జబ్బు పేరు విని తీర్పు చెప్పడమే తప్పు.

నాకు మేలు చేసినవి చిన్న చిన్న సంగతులు. ఐదో తరగతిలో వచ్చిన ఒక టీచరు నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టి, ఏదైనా చెప్పినాక "ఏం చెప్పినాను?" అని నెమ్మదిగా అడిగేవారు. అమ్మ పాఠాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క తరువాత నన్ను తిరిగి చెప్పమనేది. అవ్వ కత పద్ధతే అది. రెండేళ్ళకు పైగా మూర్ఛ రాకపోయేసరికి డాక్టరు మాత్రలు కొంచెం కొంచెంగా తగ్గించి, పదకొండేళ్ళప్పుడు ఆపించినారు. ఈ రకం మూర్ఛ చాలామందికి పెద్దయ్యేకొద్దీ పోతుంది. నాకు పోయింది.

ఆ తరువాతి ఏడు ఇంట్లో గోడకు తగిలించిన తెలుగు క్యాలెండరు చూసి నాకు నేనే తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. కన్నడ వచ్చినవాళ్ళకు అది ఎంత సులువో మీకు తెలుసు. చాలా అక్షరాలు తలకట్టు మార్చితే చాలు. అవ్వకు చదవడం రాదు. నేను తిథీ వారమూ చదివితే, సరిగ్గా ఉందా లేదా తన లెక్కతో సరిచూసేది. నేను నేర్చుకున్న లిపులన్నిటిలో మధ్యలో ఏ అక్షరమూ తప్పిపోకుండా నేర్చుకున్నది తెలుగే. ఐచ్ఛిక తెలుగు ఎందుకు తీసుకున్నావు అని మొదటి ఏడు మేడం అడిగినప్పుడు "ఇష్టం మేడం" అన్నాను. అసలు జవాబు ఇది. నేను పదో తరగతిలో ఉండగా అవ్వ పోయింది. ఆ పది నెలల కతలు మాత్రం నాకు బాకీ ఉండిపోయినాయి.

ఇప్పటికీ పొడుగు లెక్చరులో తాడు జారిపోతుంది. నేను మీ నోట్సు మాటిమాటికీ అడిగేది అందుకే. ఇచ్చినవాళ్ళందరికీ ఇక్కడే నమస్కారం.

మనది ఆడపిల్లల కాలేజీ కాబట్టి రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. మొదటిది పెళ్ళి. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో, మాటిమాటికీ మూర్ఛ వచ్చేవాళ్ళు పెళ్ళికి తగరని ఉండేది. 1999లో చట్టం సవరించి ఆ మాట తీసేసినారు. అంటే నేను పుట్టకముందే తీసేసినారు. చట్టంలోనుంచి పోయింది, మన ఇళ్ళలోనుంచి పోలేదు. అందుకే ఇంట్లోవాళ్ళు దాస్తారు. దాచినందుకు పెళ్ళయినాక ఆడపిల్ల మాత్రలు కూడా దొంగతనంగా వేసుకుంటుంది, లేకపోతే మానేస్తుంది. ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛ ఇంకా గట్టిగా వస్తుంది.

రెండోది మాత్రల గురించి. వాల్‌ప్రోయేట్ అనే మందు మూర్ఛకు చాలా ఎక్కువగా వాడతారు, బాగా పనిచేస్తుంది కూడా. కానీ గర్భంతో ఉన్నప్పుడు అది వాడితే పుట్టేవాళ్ళలో దాదాపు పదిమందిలో ఒకరికి అవయవ లోపం వస్తుంది. నూటికి ముప్పై నుంచి నలభై మందికి మాటలో, నడకలో, నేర్చుకోవడంలో ఇబ్బందులు రావచ్చు. మెదడు కట్టుబడే కాలంలోనే ఆ మందు తగులుతుంది కదా. ఇది విని ఎవరూ భయపడి మాత్ర మానేయవద్దు, అది తల్లికీ బిడ్డకూ ప్రమాదం. చేయవలసింది ఒకటే. పెళ్ళికి ముందే, గర్భానికి ముందే డాక్టరును అడిగితే వేరే మందుకు మార్చగలరా అని చూస్తారు. అడగాలంటే ముందు జబ్బు ఉందని నోరు తెరిచి చెప్పాలి. దాచే ఇంట్లో ఈ మాట ఎవరు అడుగుతారు?

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. సరిగ్గా గుర్తించి మందు ఇస్తే వందలో 70 మంది మూర్ఛ లేకుండా బతకవచ్చని కూడా చెప్తుంది. గుర్తించడం అనేది డాక్టరు దగ్గర మొదలు కాదు, పక్కనున్నవాళ్ళ దగ్గర మొదలవుతుంది. మీలో చాలామంది రేపు టీచర్లు అవుతారు, ట్యూషన్లు ఇప్పటికే చెప్తున్నారు. డిక్టేషన్‌లో మాటలు తప్పుగా కాకుండా మాయమై ఉంటే, అక్షరం సగంలో గీత జారి ఉంటే, పిల్ల చూపు నిలబడి పిలిస్తే పలకకపోతే, తిట్టే ముందు పది లెక్కపెట్టి చూడండి. భుజం తట్టితే తిరిగి చూసేది పరాకు. తట్టినా తెలియనిది పరాకు కాకపోవచ్చు.

వరండాలో ఆ రోజు నేను చెప్పవలసినది ఇప్పుడు చెప్తున్నాను. ఎవరైనా పడిపోయి కొట్టుకుంటుంటే తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. చుట్టూ గట్టి వస్తువులు తీసేయండి. కాళ్ళూ చేతులూ అదిమి పట్టొద్దు. నోట్లో స్పూను, వేలు, నీళ్ళు ఏవీ పెట్టొద్దు. నాలుక మింగడం అనేది జరగదు, పళ్ళు విరగడం మాత్రం జరుగుతుంది. ఇనుము పెట్టినందుకు మూర్ఛ ఆగదు, దాని టైముకు అదే ఆగుతుంది. కొట్టుకోవడం తగ్గగానే పక్కకు తిప్పి పండుకోబెట్టండి. అన్నిటికంటే ముందు గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే, లేదా తెలివి రాకముందే మళ్ళీ మొదలయితే 108కి ఫోను చేయండి. కళ్ళు తెరిచినాక పక్కన కూర్చొని నెమ్మదిగా మాట్లాడండి. ఆమె మొదట వినేది మీ మాటే.

ఇది గోడ మీద పెడతానంటే అమ్మ మొదట ఒప్పుకోలేదు. "ఏమ్మే, ఇన్నేండ్లు ఎవరికీ చెప్పకుండా కాపాడుకుంటిమి. రేపు సంబంధాలు చూడాల. వద్దు." రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు వంటింట్లోనుంచే, "ఏం రాసినావో చదువు, విందాం" అనింది. అమ్మకు తెలుగు చదవడం రాదు కదా, నేనే చదివి వినిపించినాను. చపాతీ పిండి కలుపుతూ వినింది. అవ్వ దగ్గరికి వచ్చేసరికి పిండి కలపడం ఆగింది. "పది నెలలు కాదు, పదకొండు" అనింది మెల్లగా. అమ్మకు నెలలు లెక్క ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. ఆమె అడగలేదు కాబట్టి నేను దిద్దలేదు. నాకు గుర్తున్నవి పదే.

నాలుగు తాళ్ళ దగ్గర గొంతు ఎండిపోయి ఆగినాను. ఆ పక్క పేజీ మీదనే చూపు పెట్టి చెంబు కోసం చెయ్యి చాచినాను. ఇంట్లో చప్పుడు లేదు. తల ఎత్తి చూస్తే అమ్మ నా ముఖాన్నే చూస్తోంది, పిండి చేతులు గాలిలో అట్లే ఉన్నాయి, పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

"ఉండానమ్మా" అన్నాను. "నీళ్ళు తాగుతాండా."

ఊపిరి వదిలి మళ్ళీ పిండి కలపడం మొదలుపెట్టింది. కాసేపటికి, "పెట్టుకో గోడ మీద. పేరు మాత్రం వద్దు" అనింది. సరే అన్నాను. చేతిరాత చూసి మీరు ఎట్లాగూ గుర్తుపడతారు. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటాను. ఏమైనా అడగాలంటే రండి. జూనియర్లకు కూడా చెప్పండి.

– ద్వితీయ బి.ఎ., ఐచ్ఛిక తెలుగు